పేరు తీసేస్తే మనిషి కనబడడా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సరిహద్దుకు ఆవల ఉన్న ఒడిశా జిల్లాల నుంచి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. మెదడుకు అయస్కాంతం ద్వారా గాని, స్వల్ప విద్యుత్తు ద్వారా గాని ప్రేరణ ఇచ్చే పరిశోధనలలో పోగైన సమాచారాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉంచే భాండాగారంలో (ఓపెన్ రిపాజిటరీలో) పెట్టవచ్చునా, పెడితే ఎవరికి మేలు, ఎవరికి ఇబ్బంది అన్నది ఆ విషయం. ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా తమ్ముడికి చాలా కాలంగా కుంగుబాటు వ్యాధి ఉంది. మందులు మార్చి వాడినా గుణం కనిపించకపోవడంతో, ఒక నగరంలోని ఆసుపత్రిలో పరిశోధనలో భాగంగా ఆరు వారాలు టీఎంఎస్ చికిత్స ఇచ్చారు. కొంత నయమైంది. ఇప్పుడు ఆసుపత్రివారు 'మీ సమాచారాన్ని పేరు లేకుండా ఓపెన్ రిపాజిటరీలో పెడతాం, సంతకం చేసి పంపండి' అంటూ ఒక పత్రం పంపించారు. అది ఇంగ్లీషులోనూ ఒడియాలోనూ ఉంది. తమ్ముడు చదువుకున్నది తెలుగులో. ఒడియా చక్కగా మాట్లాడతాడు గాని చదవడం అంతంతమాత్రం. వివరం అడిగితే 'అందరూ సంతకం పెడుతున్నారు' అన్నారు. పెట్టమని చెప్పమంటారా?
(పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు, పర్లాకిమిడి)

జవాబు: ముందుగా ఒక సంగతి. మీరు కోరినట్లే మీ పేరు ప్రచురించలేదు. అయితే మీ ఉత్తరంలో మీ వ్యాపారం ఏమిటో, దుకాణం ఏ వీధిలో ఉందో, మీ తమ్ముడు ఇంతకుముందు ఏ ఉద్యోగం చేసేవారో తెలిపే మూడు వాక్యాలు ఉన్నాయి. వాటినీ తీసేశాం. పేరు లేకపోయినా ఆ మూడు వాక్యాలు చదివితే మీ ఊరివారిలో సగం మంది ఇది ఎవరింటి సంగతో ఇట్టే చెప్పగలరు. మీరు అడిగినదానికి జవాబులో పెద్ద భాగం ఇందులోనే ఉంది.

టీఎంఎస్ అంటే తల మీద ఆనించిన తీగచుట్ట (కాయిల్) ద్వారా క్షణకాలం అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించి, దానివల్ల కపాలం లోపల మెదడు పైపొరలో స్వల్పంగా విద్యుత్తు ప్రవహించేలా చేసే పద్ధతి. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథొనీ బార్కర్ బృందం దీన్ని మనుషులపై చేసి చూపింది. కుంగుబాటుకు చికిత్సగా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో అనుమతించింది. మన ఊళ్ళలో షాక్ ట్రీట్‌మెంట్ అనే ఈసీటీ వేరు. 1938లో రోమ్‌లో మొదలైన ఆ చికిత్సలో కావాలనే మూర్ఛ తెప్పిస్తారు, ఈ రోజుల్లో మత్తు ఇచ్చి చేస్తారు; టీఎంఎస్‌లో మనిషి మెలకువగా కుర్చీలో కూర్చునే ఉంటాడు. రెండింటినీ కలిపి 'మెదడుకు కరెంటు పెట్టారట' అని చుట్టుపక్కలవాళ్ళు చెప్పుకుంటారు కనుకనే ఈ సమాచారం బయటికి పొక్కుతుందేమోనన్న మీ భయాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు.

ఆసుపత్రివారి దగ్గర మీ తమ్ముడి గురించి ఏముంటుందో చూద్దాం. యంత్రం, కాయిల్ ఏ రకమో, కాయిల్‌ను తల మీద ఎక్కడ ఏ కోణంలో ఉంచారో, బొటనవేలి కండరం కదలడానికి కనీసం ఎంత బలమైన పల్స్ (క్షణకాలపు అయస్కాంత ప్రేరణ) కావలసి వచ్చిందో (దీన్ని మోటార్ థ్రెషోల్డ్ అంటారు, మోతాదు నిర్ణయించేది దీన్ని బట్టే), సెకనుకు ఎన్ని పల్స్‌లు, మొత్తం ఎన్ని అన్న లెక్కలు ఒక భాగం. ప్రతివారం ప్రశ్నలు అడిగి వేసిన కుంగుబాటు మార్కులు రెండో భాగం. వయసు, లింగం, చదువు, ఊరు, భాష, వాడిన మందులు, చికిత్స తేదీలు మూడోది. తలకు తీసిన ఎమ్మారై ఉంటే అది నాలుగోది. మొదటి భాగాన్ని ప్రపంచమంతా చూసినా మీ తమ్ముడికి వచ్చే నష్టం ఏమీ లేదు. చిక్కంతా చివరి రెండింటితోనే.

ఎమ్మారై అంటే మెదడు బొమ్మ మాత్రమే అనుకుంటాం గాని, అందులో ముక్కు, కళ్ళు, చెవులు, దవడ కూడా నమోదవుతాయి. వాటినుంచి కంప్యూటరులో ముఖాన్ని మళ్ళీ నిర్మించవచ్చు. మేయో క్లినిక్ పరిశోధకులు 2019లో ఇదే పరీక్షించారు. 84 మంది స్వచ్ఛంద సభ్యుల ఎమ్మారైల నుంచి ముఖాలను తయారుచేసి, వారి ఫొటోలతో పోల్చమని ముఖాలను గుర్తించే సాఫ్ట్‌వేరుకు ఇస్తే, అది 70 మందిని మొదటి ఎంపికలోనే సరిగ్గా పట్టేసింది. బయట పెట్టే ముందు ఎమ్మారై నుంచి ముఖభాగాన్ని చెరిపివేయడం అనే ఆచారం ఉన్నది ఇందుకే.

మూడో భాగం ఇంతకంటే మోసకారి, ఎందుకంటే అది చూడడానికి అమాయకంగా ఉంటుంది. అమెరికా 1990 జనాభా లెక్కలను ఆధారం చేసుకొని లాటన్యా స్వీనీ అనే శాస్త్రవేత్త, పుట్టిన తేదీ, లింగం, అయిదంకెల జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) ఈ మూడూ కలిస్తే ఆ దేశ జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టే అవకాశం ఉందని లెక్కగట్టారు. అంత పెద్ద దేశంలోనే ఇలా ఉంటే, 'గజపతి జిల్లా, 43 ఏళ్ళ పురుషుడు, మాతృభాష తెలుగు, ఎడమచేతివాటం, ఫలానా నెలలో ఆరు వారాల చికిత్స' అన్న వరుస పర్లాకిమిడిలో ఎంతమందికి సరిపోతుంది? ఆ ఆరు వారాలూ ఊళ్ళో లేనిది ఎవరో ఇరుగుపొరుగుకు తెలియదా? పెద్ద నగరంలో కూర్చొని 'గుర్తింపు వివరాలు తొలగించాం' అని సంతృప్తి పడేవారికి మన చిన్న ఊళ్ళ జ్ఞాపకశక్తి ఎంతటిదో తెలియదు.

కాబట్టి పత్రం పంపినవారిని మీరు అడగవలసినవి స్పష్టంగా ఉన్నాయి. ఊరి పేరు, జిల్లా పేరు, అసలు తేదీలు తీసేస్తారా. తేదీలకు బదులు 'మొదటి రోజు, ఎనిమిదో రోజు' అని రాస్తారా. వయసును అయిదేళ్ళ విడతగా మారుస్తారా. ఎమ్మారైలో ముఖం చెరిపేస్తారా. ఎవరైనా దించుకోగలిగే చోట పెడతారా, లేక కారణం రాసి అనుమతి తీసుకున్న పరిశోధకులకే ఇచ్చే చోటనా. మనసు మార్చుకుంటే ఏ తేదీలోగా చెప్పాలి. ఈ చివరి ప్రశ్న మరచిపోకండి. భాండాగారంలోకి ఎక్కేముందు వెనక్కి తీసుకోవచ్చు. ఎక్కిన తరువాత ఫైలును తొలగించినా, అప్పటికే దించుకున్నవారి కంప్యూటర్లలోంచి దాన్ని రప్పించడం ఎవరి తరమూ కాదు. ఈ మాట పత్రంలో దాచకుండా రాసి ఉంటే, వారు నిజాయితీపరులని అనుకోవచ్చు.

ఇక 'పెట్టమని చెప్పమంటారా' అన్నదానికి. చెప్పవలసినది మీరు కాదు, నేను అంతకన్నా కాదు. మానసిక అనారోగ్యం ఉన్నంత మాత్రాన మనిషికి నిర్ణయించుకునే శక్తి లేదని అనుకోవడానికి 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఒప్పుకోదు; పరిశోధనలో పాల్గొనడానికి స్వేచ్ఛగా, విషయం తెలుసుకొని ఇచ్చే సమ్మతి ఉండాలని అదే చట్టం అంటుంది. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 2017లో వెలువరించిన నైతిక మార్గదర్శకాలు సమాచారం మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలంటాయి. చదవలేని ఒడియాలో ఉన్న కాగితం మీ తమ్ముడికి సమాచారం ఇచ్చినట్లు కాదు. తెలుగు ప్రతి కావాలని రాతపూర్వకంగా అడగండి. అది వచ్చాక ఆయనే చదువుకొని, పై ప్రశ్నలకు సరైన జవాబులు ఉంటే పెట్టవచ్చు, లేకుంటే మానవచ్చు. మానినందువల్ల ఆయనకు జరగవలసిన మామూలు వైద్యం ఆగకూడదు. నా స్థితి అదే అయితే, అనుమతి తీసుకొని చూసే పద్ధతికి ఒప్పుకుంటాను. ఎవరైనా దించుకునే పద్ధతికి మాత్రం ఊరు, తేదీలు, ముఖం మూడూ పోయాకనే.

ప్రశ్న: మా అమ్మగారికి పార్కిన్‌సన్ వ్యాధికి మెదడులో తీగ అమర్చారు. ఆ ఆపరేషన్ రికార్డులను బహిరంగంగా పెట్టడానికి ఒప్పుకున్నాం. వాటిని కంపెనీలు వాడుకొని లాభాలు గడిస్తే మాకు వాటా రాదా?
(ఒక పాఠకురాలు, జయపురం)

జవాబు: రాదు. చాలా భాండాగారాలు డేటాను ఏ షరతూ లేకుండా గాని, 'వాడుకుంటే మూలం పేర్కొనండి' అన్న ఒక్క షరతుతో గాని ఇస్తాయి. మొదటి రకాన్ని సీసీ జీరో అంటారు. మెదడు చిత్రాలకు పేరుపొందిన ఓపెన్‌న్యూరో భాండాగారం పాటించేది ఇదే. ఈ రెండింటిలోనూ వ్యాపార వినియోగానికి అడ్డు లేదు. అది మీకు సమ్మతం కాకపోతే సంతకానికి ముందే చెప్పవలసింది. ఒక తేడా గమనించండి: అమ్మగారి ఛాతీ దగ్గర చర్మం కింద అమర్చిన బ్యాటరీ పరికరం లోపల నమోదయ్యే లెక్కలు తయారీ కంపెనీకి చేరుతున్నాయా లేదా అన్నది భాండాగారానికి సంబంధం లేని వేరే ప్రశ్న. అది పరికరంతో ఇచ్చిన ఒప్పంద పత్రంలో చూడాలి.

ప్రశ్న: పక్షవాతం తరువాత మాట దెబ్బతిన్నవారికి టీడీసీఎస్ (తల మీద ఎలక్ట్రోడ్లు ఉంచి స్వల్ప విద్యుత్తు పంపే పద్ధతి) ఇచ్చి, మాట ఏమైనా మెరుగవుతుందా అని పరిశీలిస్తున్నాను. మొత్తం 18 మంది. తెలుగు, ఒడియా రెండూ మాట్లాడేవారే. స్పష్టమైన ఫలితం రాలేదు. డేటాను బహిరంగంగా పెడదామని నేను అంటే, మా గైడ్‌గారు 'ఇంత చిన్న డేటా ఎవరికి కావాలి, పైగా ఫలితం రాలేదు, పెడితే మన శ్రమ ఇంకొకరు కొట్టేస్తారు' అంటున్నారు. మీ అభిప్రాయం?
(పరిశోధక విద్యార్థిని, బరంపురం)

జవాబు: గైడ్‌గారు చెప్పిన మూడు కారణాలలో ఒకదానితో ఒకటి పొసగనివి రెండున్నాయి. ఎవరికీ అక్కరలేనిదాన్ని ఎవరు కొట్టేస్తారు? ఈ మాట ఆయనతో మాత్రం ఇలా అనకండి.

చిన్న డేటా సంగతి తీసుకుందాం. మెదడుకు ప్రేరణ ఇచ్చే ఈ రంగంలో పెద్ద డేటా అనేది అరుదు. ఒకే మోతాదు ఇస్తే ఒకరి మెదడు చురుకవుతుంది, ఇంకొకరిది మందగిస్తుంది, మరొకరిలో మార్పే ఉండదు. ఎందుకిలా అన్నది తేల్చడానికి 20 మంది చాలరు. అందుకే 'బిగ్ టీఎంఎస్ డేటా కొలాబరేషన్' పేరుతో కొందరు పరిశోధకులు ఎవరెవరి దగ్గరో పడి ఉన్న వ్యక్తిగత కొలతలను అడిగి పోగుచేశారు. 2021లో వెలువడిన వారి విశ్లేషణలో 35 అధ్యయనాల నుంచి 687 మంది ఆరోగ్యవంతుల డేటా ఉంది. భాగించి చూడండి, అధ్యయనానికి సగటున 20 మంది కూడా లేరు. మీ 18 మంది అక్కడి లెక్కకు సరిసమానం. అలా కలిపాకనే, కండరంలో వచ్చే స్పందన పరిమాణం ఏ కండరాన్ని కొలిచారు, పల్స్ ఆకారం ఏమిటి, ఏ యంత్రం వాడారు, కాయిల్‌ను సరైన చోట నిలపడానికి నావిగేషన్ వాడారా అన్న అంశాలను బట్టి మారుతోందని తేలింది. మనిషి స్వభావం అనుకున్న తేడాలో కొంత యంత్రం స్వభావమని ఏ ఒక్క ప్రయోగశాలా తన 20 మందిని చూసుకుంటూ కనిపెట్టగలిగేది కాదు.

ఫలితం రాకపోవడం గురించి: మంచి ఫలితాలే పత్రికలకెక్కి, రానివి బీరువాలో ఉండిపోతే, తరువాత అన్నీ కలిపి లెక్కవేసేవారికి ఆ చికిత్స ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. మీ 18 మంది బీరువాలో ఉండడం వల్ల నష్టపోయేది రేపు ఇదే చికిత్స కోసం డబ్బు ఖర్చుపెట్టుకొని వచ్చే రోగి.

శ్రమ దోపిడీ భయానికి మాత్రం ఆధారం ఉంది. దానికి ఉపాయమూ ఉంది. ఐరోపా అణుపరిశోధన సంస్థ సెర్న్ 2013 నుంచి నడుపుతున్న జెనోడో వంటి భాండాగారంలో ఫైళ్ళను ఫలానా తేదీ వరకు మూసి ఉంచి, శాశ్వత సంఖ్య, అంటే డీఓఐ, మాత్రం ఇప్పుడే తీసుకోవచ్చు. మీ వ్యాసం అచ్చయ్యాక తెరుచుకుంటుంది. ఈలోగా డేటా మీదేనని ఆ సంఖ్యే సాక్ష్యం. మీది క్లినికల్ ట్రయల్ కిందకు వస్తే ఇంకో విషయం కూడా ఉంది: 2019 జనవరి 1న గాని ఆ తరువాత గాని రోగులను చేర్చుకోవడం మొదలుపెట్టిన ట్రయల్స్‌కు డేటా పంచుకునే ప్రణాళికను నమోదు సమయంలోనే రాయాలని వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం నియమం పెట్టింది. పంచుకోమని బలవంతం లేదు. పంచుకుంటారా లేదా అన్నది ముందే చెప్పాలి.

ఇప్పుడు మీరు అడగనిది, నాకు ముఖ్యమనిపించినది. ఎలా పెట్టాలి?

ఇతరుల డేటాను దించుకొని చూసినప్పుడల్లా నాకు ఎదురయ్యే లోపం ఒకటే. రోగి గురించి అవసరానికి మించి రాస్తారు, యంత్రం గురించి అవసరమైనది రాయరు. 'టీడీసీఎస్ 2 మిల్లీ ఆంపియర్లు, 20 నిమిషాలు' అని రాసి ఊరుకుంటే అది డేటా కాదు, చీటీ. ఎలక్ట్రోడ్ కొలత ఎంత, స్పంజీని ఉప్పునీటితో తడిపారా జెల్ వాడారా, ధన, ఋణ ఎలక్ట్రోడ్లు ఏయే స్థానాల్లో పెట్టారు, కరెంటును ఎన్ని సెకన్లలో పెంచి ఎన్ని సెకన్లలో దించారు, నిరోధం ఎంత చూపించింది, పోలిక కోసం ఉత్తుత్తి చికిత్స ఇచ్చినప్పుడు కరెంటును ఎప్పుడు ఆపారు, తమకు ఇచ్చింది నిజమైనదో ఉత్తుత్తిదో రోగులు ఊహించగలిగారా, ఆ సమయంలోనే మాటల అభ్యాసం చేయించారా లేక తరువాతనా: ఇవన్నీ ఒక్కొక్కరికీ విడివిడిగా ఉండాలి. ఫైళ్ళ పేర్లకు, అమరికకు 2016లో వచ్చిన బిడ్స్ పద్ధతిని అనుసరిస్తే, మీరు లేకపోయినా మీ ఫైళ్ళు ఎవరికైనా అర్థమవుతాయి. పెన్ డ్రైవులో 'ఫైనల్, ఫైనల్ కొత్తది, ఫైనల్ అసలుది' అని మూడు ఎక్సెల్ షీట్లు ఉంటే, ముందు వాటిలో ఏది అసలో మీరే తేల్చుకోండి.

మీ డేటాలో రెండు చోట్ల ప్రత్యేకమైన చిక్కుంది. మొదటిది గొంతు. మాట పోయినవారు బొమ్మల పేర్లు చెబుతుండగా రికార్డు చేసి ఉంటారు. తెలిసినవారు గొంతును బట్టి కూడా మనిషిని పోల్చుకుంటారు. బరంపురం తెలుగు యాసలో తడబడుతూ మాట్లాడే మనిషి గొంతును ఆయన బంధువులు ఒక్క పదంలో పట్టేస్తారు. ఆ రికార్డింగులు బహిరంగంగా పెట్టవద్దు. పలికిన మాటల రాతప్రతి, మార్కులు, జవాబుకు పట్టిన కాలం చాలు. రాతప్రతిలో కూడా మనవడి పేరు, వీధి పేరు దొర్లితే తీసేయండి.

రెండోది ఎమ్మారై, ఎలక్ట్రోడ్ల మధ్య వైరం. టీడీసీఎస్‌లో ఒక ఎలక్ట్రోడ్‌ను కుడి కంటికి పైన నుదుటి మీద పెట్టడం బాగా వాడుకలో ఉన్న అమరిక. కరెంటు మెదడులో ఎంత బలంగా ఎటు ప్రవహించిందో సిమ్‌నిబ్స్ వంటి సాఫ్ట్‌వేరుతో లెక్కకట్టాలంటే చర్మం, ఎముక సహా తల మొత్తం కావాలి. రోగి గోప్యత కోసం ముఖాన్ని చెరిపేస్తే, ఎలక్ట్రోడ్ కూర్చున్న చోటే ఆ చెరుపులో పోవచ్చు, కనీసం దెబ్బతినవచ్చు. కాబట్టి లెక్కను ముందు మీ దగ్గరున్న పూర్తి ఎమ్మారై మీద కట్టండి, ఆ ఫలితాన్నీ ముఖం చెరిపిన ఎమ్మారైనీ బయట పెట్టండి, పూర్తి ఎమ్మారైని అనుమతి మీద ఇచ్చే చోట ఉంచండి. పని రెట్టింపే, కాదనను. మీరు తీసుకున్న సమ్మతి పత్రంలో డేటా పంచుకునే మాట లేకపోతే మాత్రం వీటన్నిటికంటే ముందు ఎథిక్స్ కమిటీ (పరిశోధన నైతికంగా ఉందో లేదో చూసే సంఘం) గడప తొక్కాలి. రోగులను మళ్ళీ కలవవలసి రావచ్చు. మాట దెబ్బతిన్నవారి నుంచి సమ్మతి కాబట్టి బొమ్మలతో, చిన్న వాక్యాలతో, తొందరపెట్టకుండా అడగాలి. మాట రానంత మాత్రాన విషయం అర్థం కాదని, ఇంటివారి సంతకంతో సరిపెట్టుకోకండి.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో సామాన్య పౌరుడి స్థానంలో కూర్చోమన్నారు. మెదడు డేటాను ఇంటర్నెట్‌లో పెడతామన్న ప్రతిపాదన వచ్చింది. సైన్సు తెలియని నేను ఏమి అడగగలను? ఆ డేటా నుంచి మనుషుల ఆలోచనలు చదవగలరా?
(ఒక పాఠకుడు, రాయగడ)

జవాబు: మాస్టారూ, ఆలోచనలు చదవలేరు. మీరు అడిగే డేటాలో ఉండేది స్పందనల పరిమాణం, కాలం, మార్కులు. అందులోంచి బయటపడగలిగేది ఫలానావారికి కుంగుబాటు ఉండేది, మూర్ఛ ఉండేది అన్న విషయం. సంబంధాలు చూసుకునే ఇళ్ళలో అది ఆలోచనలు చదవడం కంటే తక్కువ ప్రమాదం కాదు.

సైన్సు తెలియకపోవడమే మీ అర్హత. ఐసీఎంఆర్ మార్గదర్శకాలు కమిటీలో సామాన్య వ్యక్తి ఉండాలని పట్టుబట్టినది, సంతకం చేయబోయే మనిషి వైపు నుంచి కాగితాన్ని చదివేవారు ఒకరైనా కావాలనే. గిడుగు రామమూర్తి పంతులుగారు మీకు దగ్గరలోని పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ జనం మాట్లాడే తెలుగు కోసం వాదించారు, సవరల భాష నేర్చుకొని వారికి వారి భాషలోనే చదువు చెప్పాలని తపించారు. మీరు ఆ పనినే కమిటీ బల్ల దగ్గర చేయవచ్చు. సమ్మతి పత్రం తెలుగు ప్రతిని సమావేశంలో పైకి చదవండి. 'అనామకీకృత దత్తాంశ నిక్షేపణ' వంటి మాట వచ్చిన చోట ఆగి, దీనికి మీ ఇంట్లో ఏమంటారని పరిశోధకుడినే అడగండి. 'మీ పేరు తీసేసి, మీ పరీక్షల లెక్కలను ఇంటర్నెట్‌లో పెడతాం, ప్రపంచంలో ఎవరైనా చూడవచ్చు, ఒకసారి పెట్టాక వెనక్కి తీసుకోలేం' అని రాయించండి. సవర, కువి వంటి గిరిజన భాషలు మాట్లాడేవారిని చేర్చుకుంటున్నట్లయితే, వారికి ఎవరు, ఏ భాషలో చదివి వినిపిస్తారో ఆ మనిషి హోదా ప్రతిపాదనలో ఉందా చూడండి.

డేటా పట్టిక నమూనాను తెప్పించుకొని, మీ జిల్లా మనిషిగా ఒక్కొక్క వరుసా చదవండి. అందులో ఎవరైనా మీకు తెలిసినవారిలా అనిపిస్తే, ఏ గడి వల్ల అనిపించిందో గుర్తుపెట్టుకొని ఆ గడిని తీసేయమనండి. ఈ పని నగరంలోని నిపుణుల కంటే మీరే బాగా చేయగలరు. చివరిగా, ప్రాజెక్టు ముగిసి పరిశోధకుడు వేరే ఊరికి బదిలీ అయ్యాక, ఒక రోగి ఫోన్ చేసి తన వివరాల గురించి అడిగితే ఎత్తేది ఎవరో పేరుతో కాక పదవితో రాయించి, ఆ ఫోన్ నంబరు రోగి దగ్గర ఉండే కాగితం మీద కూడా ఉందో లేదో చూడండి.